గీతలు తెగని చోటు

మా నాన్నని వీధిలో అందరూ బొమ్మల మేస్త్రి అనేవారు. నిజానికి నాన్న ఒక్క బొమ్మ కూడా గీసి ఎరగడు. చేసేది టీవీల రిపేరు. పోయిన బొమ్మని మళ్లీ తెర మీదికి రప్పిస్తాడు కాబట్టి ఆ పేరు. అప్పటి టీవీలు ఇప్పటిలా గోడకి అతుక్కునేవి కావు. ముందు గాజు, వెనక గూను, మొయ్యడానికి ఇద్దరు మనుషులు. అది మూలనపడితే ఇంటిల్లిపాదీ ముఖాలు వేలాడేసుకుని షాపుకి వచ్చేవారు.

"మేస్త్రీ, బొమ్మ దొర్లుతోంది."

"మేస్త్రీ, మనుషులందరూ సన్నగా సాగిపోయారు."

"మేస్త్రీ, మాట వస్తోంది గానీ మనిషి రావట్లేదు."

జబ్బుని వాళ్లు అలాగే చెప్పేవారు. నాన్న తలూపుతూ వినేవాడు. "మనిషిని రప్పిస్తాలెండి, సాయంత్రం రండి," అనేవాడు.

షాపు సన్నగా, పొడుగ్గా ఉండేది. రెండు పక్కలా అరలు, అరల్లో వెనక మూత ఊడదీసిన టీవీలు. కరిగిన సీసం వాసన, కాలిన దుమ్ము వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా భుజానికి స్కూలు సంచీ బరువు గుర్తొస్తుంది. బడి వదలగానే తిన్నగా అక్కడికే వెళ్లేదాన్ని. నాన్న టీవీ వెనకాల కూర్చుని పనిచేసేవాడు. తెర అవతలివైపు ఉంటుంది కాబట్టి ఎదురుగా ఒక నిలువుటద్దం పెట్టుకుని, అందులో బొమ్మ చూసుకునేవాడు. కుడిచేత్తో పని, ఎడమ చెయ్యి జేబులో. పిక్చర్ ట్యూబులో కరెంటు, స్విచ్చి ఆపేశాక కూడా చాలాసేపు నక్కి ఉంటుందట. రెండు చేతులూ తగిలితే గుండె మీదుగా పోతుందని, పని నేర్పినాయన మొదటిరోజే ఆ అలవాటు చేశాడట. అది ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఎడమ చెయ్యి జేబులోకి పోయేది.

"కంచంలో కరెంటు లేదండీ, చెయ్యి బయటికి తియ్యండి," అనేది అమ్మ.

షాపు పక్కనే దర్జీ కొట్టు. మధ్యలో ఉన్నది చెక్కల గోడ. దర్జీ అమ్మకి పెదనాన్న కొడుకు, అంటే నాకు మావయ్య. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ముఖాలు చూసుకోకుండానే, గోడకి ఇవతలొకరూ అవతలొకరూ కూర్చుని రోజంతా కబుర్లు చెప్పుకునేవారు. కుట్టుమిషను ఆగితే, "ఏం బావా, దారం తెగిందా?" అనేవాడు నాన్న. ఇటు చప్పుడు ఎక్కువైతే, "బావా, అది రిపేరా, పగలగొట్టడమా?" అని అటునుంచి వినబడేది.

నాన్నకి అమ్మ పరిచయమైంది కూడా ఆయన వల్లే. అప్పటికి ఆయన నాన్నని మేస్త్రీ అనే పిలిచేవాడు. తన బాబాయి ఇంట్లో, అంటే అమ్మ వాళ్లింట్లో, టీవీ బొమ్మ దొర్లుతోందని నాన్నని వెంటబెట్టుకు వెళ్లాడు. ఆ ఇంట్లో నిలువుటద్దం లేదు. గోడకున్న చిన్న అద్దం తీసి ఎవరో ఒకరు పట్టుకోవాలి. అమ్మ పట్టుకుంది.

"కొంచెం పైకెత్తండి," అన్నాడు నాన్న. ఎత్తింది.

"కొంచెం ఎడమకి." తిప్పింది. బొమ్మ నిలబడింది. నాన్న వచ్చేశాడు.

కొన్నాళ్లకి బొమ్మ మళ్లీ దొర్లింది. వెళ్లి బాగుచేశాడు. మళ్లీ దొర్లింది. ఆ టీవీలకి వెనకవైపు ఒక చిన్న మర ఉండేది. దాన్ని తిప్పితే దొర్లే బొమ్మ నిలబడుతుంది, నిలబడ్డ బొమ్మ దొర్లుతుంది. ఇలా పిలుపు మీద పిలుపు వస్తూంటే, ఒకరోజు మావయ్య చెక్కల గోడ మీద తట్టి, "మేస్త్రీ, ఆ టీవీని బాగుచెయ్యడం నీ వల్ల అయ్యే పనిలా లేదు గానీ, పెళ్లి మాటలు మాట్లాడి రమ్మంటావా?" అన్నాడట.

ఆ మర తిప్పింది ఎవరో అమ్మ ఈరోజుకీ చెప్పదు. "ఆ ఇంట్లో ఎలుకలుండేవి," అంటుంది.

సాయంత్రాలు నాన్న బాగైన టీవీని వీధివైపు తిప్పి ఆన్ చేసేవాడు. బొమ్మ ఎంతసేపు నిలుస్తుందో చూడాలి కదా. దారినపోయేవాళ్లు సైకిలు దిగి, సంచులు కింద పెట్టి నిలబడిపోయేవారు. మావయ్య మెడలో కొలతల టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. కట్టేసే వేళ నాన్న స్విచ్చి ఆపగానే బొమ్మంతా ముడుచుకుని మధ్యలో ఒక తెల్ల చుక్కై, ఆ చుక్క చిన్నదై చిన్నదై ఆరిపోయేది. అది ఆరేదాకా నేను కదిలేదాన్ని కాదు.

"నాన్నా, అంత బొమ్మా అందులోకి ఎలా పోయింది?" అని అడిగాను ఒకసారి.

నాన్న లైటు తీసేసి, టార్చి వెలిగించి, గోడ మీద గబగబా అటూ ఇటూ ఆడించాడు. గోడ మీద వెలుగు గీత గీసినట్టయింది.

"ఉన్నది ఒక్క చుక్కేనే తల్లీ. అదే పై నుంచి కిందకి గీత తర్వాత గీత గీసుకుంటూ పరిగెడుతుంది. కింద దాకా వచ్చి మళ్లీ పైకి పోతుంది. మనకి బొమ్మలా కనబడుతుంది."

"మరి కింద గీత గీసేటప్పటికి పై గీత ఎందుకు చెరిగిపోదు?"

"గాజుకి లోపల పూత ఉంటుంది. అది గుర్తుపెట్టుకుంటుంది," అన్నాడు నాన్న. ఆ పూత గురించి చెప్పేటప్పుడు తన సొంత మనిషి గురించి చెబుతున్నట్టు ఉండేది గొంతు.

రోజులు మారాయి. గూను టీవీలు పోయి పలకల్లాంటివి వచ్చాయి. వాటిని బాగుచేసేకన్నా కొత్తది కొనుక్కోవడమే తేలికైంది. అయినా నాన్న షాపు తీయడం మానలేదు. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఏవో ఒకటి వచ్చేవి. నాకు పెళ్లయి, అదే ఊళ్లో రెండు వీధుల అవతల కాపురం పెట్టాను. మావయ్య కుట్టుమిషను తిరుగుతూనే ఉండేది. చెక్కల గోడ కబుర్లు ఆగలేదు.

నాన్న కళ్లలో తేడా ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. తనకి మాత్రం తెలుసు. షాపు గుమ్మం చట్రం ఒకరోజు వంకరగా కనబడిందట. వడ్రంగిని పిలిచి చీవాట్లు పెట్టాడు. అతను కొలబద్ద పెట్టి చూపించి, తిన్నగానే ఉందన్నాడు. ఆ తర్వాత కరెంటు స్తంభాలు వంగాయి. తలుపు అంచులు అలల్లా కదిలాయి. ఇంకొన్నాళ్లకి, ఎటు చూస్తే అటు నట్టనడుమ ఒక మసక మరక వచ్చి కూర్చుంది. చుట్టూ అన్నీ ఉంటాయి, చూడాలనుకున్నది మాత్రం ఉండదు. ముఖం చూస్తే చెవులూ భుజాలూ ఉంటాయి, ముఖం ఉండదు.

కళ్లజోడు మార్చాడు. లాభం లేదు. దాంతో ఆ సంగతి కడుపులో పెట్టుకున్నాడు. అడుగుల చప్పుడుని బట్టీ, దగ్గుని బట్టీ మనుషుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. పలకరిస్తే పలికేవాడు. నవ్వి తలూపేవాళ్లకి మాత్రం జవాబుండేది కాదు. "మేస్త్రికి కళ్లు నెత్తికెక్కాయి," అనుకున్నారు వీధిలో. ఆ మాట నా చెవిన కూడా పడింది. వయసుతో వచ్చిన చిరాకనుకున్నాను.

అంతలో దర్జీ మావయ్య భార్య పోయింది. పొద్దున్న పూలకుండీలకి నీళ్లు పోస్తూ పోస్తూ కూలిపోయింది, అంతే. నాన్నకి ఆవిడంటే గౌరవం. పెళ్లయిన కొత్తలో అమ్మానాన్నలకి ఇల్లు దొరికేదాకా తన ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఇచ్చిన మనిషి. కబురు తెలియగానే అమ్మా నాన్నా నేనూ వెళ్లాం. ఇల్లంతా జనం. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. గుమ్మం పక్కన మావయ్య తమ్ముడు నిలబడి ఉన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొడుగు, ఒకటే భుజాలు, ఇద్దరూ తెల్లచొక్కాల్లో ఉన్నారు. నాన్న తిన్నగా వెళ్లి తమ్ముడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, ఎంత పని జరిగింది," అన్నాడు. అతను తెల్లబోయాడు. నాన్న అతని భుజం నిమిరి, కళ్లు తుడుచుకుని, వాకిట్లోకి వెళ్లిపోయాడు.

పక్కనే కుర్చీలో మావయ్య ఉన్నాడు. నాన్న వస్తున్నాడని సగం లేచి, చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంది. తర్వాత కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది. "అన్నయ్యని పలకరించకుండా వచ్చేశారేంటండీ?"

"పలకరించానుగా," అన్నాడు నాన్న.

"మీరు పలకరించింది చిన్నాణ్ణి. అన్నయ్య కుర్చీలో ఉన్నాడు కదా."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మ, దుఃఖంలో ఏం చేశాడో తెలియలేదు కాబోలనుకుంది. మర్నాడు వెళ్లి చెబుదామనుకుని నాన్న గడప దాటలేకపోయాడు. ఏమని చెబుతాడు? నిన్ను గుర్తుపట్టలేదనా? అన్నేళ్లు కలిసి బతికిన మనిషిని? రేపు, రేపు అనుకుంటూ ఉండగానే అది దాటరాని గోడైపోయింది. కొన్నాళ్లకి మావయ్య మళ్లీ కొట్టు తెరిచాడు. చెక్కల అవతల మిషను తిరిగేది, ఆగేది. ఆగినా ఇటునుంచి ఎవరూ ఏమీ అడగలేదు. అటునుంచీ మాట లేదు.

ఆఖరికి పట్టుకుంది అమ్మే. టీ కప్పు సరిగ్గా నాన్న ముందు పెడితే తడుముకుని ఒలకబోస్తున్నాడు, పక్కకి పెడితే చక్కగా అందుకుంటున్నాడు. రెండుమూడుసార్లు గమనించి, ఒక పగటిపూట నన్ను పిలిపించి, కిటికీ దగ్గర నాన్నకి ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, నన్ను చూసి చెప్పండి. మెడలో గొలుసు ఉందా?"

"ఎందుకుండదు? ఉంది," అన్నాడు నాన్న.

అమ్మ గొలుసు నా చేతిలో ఉంది. అమ్మ ఏడవలేదు. లేచి చెప్పులు వేసుకుంది. "పదండి," అంది.

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి, కూర్చోబెట్టి, లేపి, మళ్లీ కూర్చోబెట్టి, చివరికి ఒక చీకటి గదిలోకి పంపారు. నేను తోడుగా వెళ్లాను. అక్కడ స్కానింగ్ చేసే అమ్మాయి ఒకతే ఉంది. నా వయసే ఉంటుంది. మాట మెత్తగా ఉన్నా పని మాత్రం ఖచ్చితంగా చేయించుకుంటుంది.

"సార్, గడ్డం ఇక్కడ ఆనించండి. నుదురు ఆ పట్టీకి. ఎర్రటి చదరం ఒకటి కనబడుతుంది. మధ్యలో గుర్తు ఉంటుంది, దాన్నే చూస్తూ ఉండండి."

"గుర్తు లేదమ్మా."

"చదరం ఉందా?"

"ఉంది." నాన్న గొంతు మారింది. "అమ్మాయ్, ఇందులో గీతలొస్తున్నాయి. సన్నగా. పై నుంచి కిందకి."

"అవును సార్, కొంతమందికి కనబడతాయి."

"ఇది టీవీ కదూ?"

ఆ అమ్మాయి నవ్వింది. "కెమెరా సార్. మీ కంటి లోపలి తెరని ఫొటో తీస్తోంది. ఒక్కటే వెలుగు చుక్క మీ రెటీనా మీద గీత గీతగా తిరిగి వస్తుంది. తిరిగొచ్చిన వెలుగుతో బొమ్మ తయారవుతుంది. ఆ వెలుగు మామూలుగా కంటికి ఆనదు, అందుకే అలా లీలగా ఎర్రగా ఉంటుంది."

"ఒక్క చుక్కే," అన్నాడు నాన్న, తనలో తాను అనుకుంటున్నట్టు. గడ్డం ఆ దిమ్మ మీదే ఆనించి ఉంది కాబట్టి మాట నలిగి వచ్చింది. నాకు మాత్రం ఎడమ చెయ్యి మెల్లగా జేబులోకి పోవడం కనబడింది.

తర్వాత అసలు పరీక్ష. చేతికి ఒక బొత్తం ఇచ్చింది. రెటీనా మీద ఒక్కోచోట ఒక్కో వెలుగు చుక్క వేస్తుంది మిషను. కనబడ్డప్పుడల్లా నొక్కాలి. కన్ను కదిలినా మిషను దాని వెంటే కదిలి, అనుకున్న చోటే చుక్క పెడుతుంది. నాన్న నొక్కడం మొదలుపెట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. ఎక్కడా ఆగడం లేదు. నా మనసు తేలికపడింది. అంతా బాగానే ఉన్నట్టుంది, అనవసరంగా కంగారు పడ్డాం అనుకున్నాను.

ఆ అమ్మాయి మిషను ఆపేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"సార్, కంటిలో ఒక చోటు ఉంటుంది, నరం వెనక్కి పోయే చోటు. అక్కడ ఎంత మంచి కంటికైనా ఏమీ కనబడదు. మధ్య మధ్యలో అక్కడ కూడా చుక్క వేస్తాను. మీరు అక్కడా నొక్కారు."

నాన్న తల దించుకున్నాడు. "చుక్క వేసే ముందు లోపల ఏదో చిన్న చప్పుడొస్తోందమ్మా. దాన్ని పట్టుకుని నొక్కాను."

"ఎందుకు సార్?"

"ఏడాదిగా అందరి దగ్గరా అదే చేస్తున్నాను."

ఆ అమ్మాయి మందలించలేదు, ఓదార్చలేదు. "ఇక్కడ పాసు, ఫెయిలు లేవు. మీరు అబద్ధం నొక్కితే నాకు మీ కన్ను తెలియదు, అంతే. ఈసారి కనబడకపోతే హాయిగా ఊరుకోండి," అని, మిషను చప్పుడు వినబడకుండా ఫ్యాను జోరు పెంచింది.

ఈసారి బొత్తం మోగింది, ఆగింది. మళ్లీ మోగింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ అమ్మాయి ముందున్న తెర మీద చుక్కలు వెలగడం నాకు తెలుస్తూనే ఉంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నాన్న వేలు బొత్తం మీదే ఉంది, కదలడం లేదు. ఆ కాసేపట్లో నాన్న ఏడాదంతా ఎక్కడ బతికాడో అర్థమైంది నాకు. ముఖం తిప్పుకున్నాను. అప్పుడు టిక్కుమంది. వెంటనే ఇంకోటి. వరసగా మరికొన్ని.

"ఇక్కడ కనబడుతోందా సార్?" అంది ఆ అమ్మాయి.

"బొమ్మని మధ్యలో ఏదో తినేసిందమ్మా. అడుగున మాత్రం గీతలు తెగకుండా ఉన్నాయి."

ఆ చోటునే పట్టుకుని మరీ దగ్గర దగ్గరగా చుక్కలు వేసి చూసిందామె. సందేహం లేదు. నాన్న చెప్పినంత మేరా చూపు ఉంది.

డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. నాన్న కంటి బొమ్మని పెద్ద తెర మీద పెట్టి, నాకూ అమ్మకీ చూపించాడు. మధ్యలో చిరిగిన కాగితంలా ఒక మచ్చ, రెండు కళ్లలోనూ అంతే. మచ్చకి పై అంచున నెలవంక పాటి చోటు బాగుంది. కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఆ పై అంచుకి కిందివైపు ఉన్నవి కనబడతాయి. మచ్చ పోదు. ఆ కాస్త చోటుని కాపాడుకోవాలి, దానితో చూడడం నేర్చుకోవాలి. అదీ ఆయన చెప్పినది. కంటిలో ఇంజెక్షన్లు అవసరమైనప్పుడు వేస్తామన్నాడు.

నాన్నకి మాత్రం వేరే గొడవ పట్టుకుంది. "డాక్టరుగారూ, మా ట్యూబులో గాజుకి పూత ఉండేది. చుక్క వెళ్లిపోయినా అది బొమ్మని పట్టి ఉంచేది. ఇక్కడ పూత లేదు కదా. మరి ఒక్క చుక్క తిరిగితే నాకు చదరమంతా ఎలా కనబడింది?"

డాక్టరు మొదటిసారి కుర్చీ తిప్పి నాన్నవైపు కూర్చున్నాడు. "ఆ పూత వెలుగు చాలా త్వరగా ఆరిపోతుందండీ. చుక్క కిందకి వచ్చేసరికి పైన దాదాపు ఏమీ మిగలదు. పట్టి ఉంచింది కన్నే. రెటీనాలో కణాలకి వెలుగు తగిలి వెళ్లిపోయినా అవి వెంటనే ఊరుకోవు. గంట కొట్టాక కాసేపు మోగినట్టు పలుకుతూ ఉంటాయి. ఆ పలుకు ఆగేలోపు చుక్క మళ్లీ వస్తుంది. ఈ మచ్చలో ఉన్న కణాలు పలకడం మానేశాయి. ఈ అంచున ఉన్నవి ఇంకా పలుకుతున్నాయి."

నాన్న నోరు కొంచెం తెరిచి విన్నాడు. "అయితే నేను ఇన్నాళ్లూ అందరికీ తప్పు చెప్పాను," అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. ఏదో మంచి కబురు ఆలస్యంగా తెలిసిన మనిషిలా ఉన్నాడు. బయట వరండాలోకి వచ్చాక నాతో అన్నాడు. "షాపు ముందు అంతమంది నిలబడేవాళ్లు, గుర్తుందా? వాళ్లందరి కళ్లూ పనిచేస్తేనే నా బొమ్మ నిలిచిందన్నమాట."

చూడడం నేర్పే బాధ్యత ఆ స్కానింగ్ అమ్మాయే తీసుకుంది. చూడాలనుకున్నదాన్ని చూడకూడదు. దానికి కొంచెం పైన చూడాలి. అప్పుడు అది బాగున్న అంచు మీద పడుతుంది. వినడానికి చిన్న సంగతే. పుట్టిన దగ్గర్నుంచి ఉన్న అలవాటు మానడం ఎంత కష్టమో నాన్నని చూస్తే తెలిసింది. ఇంట్లో గోడకి పెద్ద పెద్ద అక్షరాలు అంటించి, వాటికి కొంచెం పైన చూస్తూ వాటిని చదవాలి. కన్ను జారి తిన్నగా చూడగానే అక్షరం మాయం. విసుక్కునేవాడు. కాగితం చింపేసేవాడు. అమ్మ మరోటి అంటించేది.

ఒక మధ్యాహ్నం అమ్మ ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతోంది. నాన్న ఆమె తల మీదుగా గోడవైపు చూస్తున్నాడు.

"నా నెత్తి మీద ఏముందండీ, బల్లి పాకుతోందా?" అంది అమ్మ.

"మాట్లాడకు. కదలకు," అన్నాడు నాన్న.

అమ్మ కత్తి ఆపింది. నాన్న అలా గోడనే చూస్తూ ఉండిపోయాడు. "చెంప మీద మచ్చ ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"చాలా రోజులైంది," అంది అమ్మ. అని, తరిగిన ముక్కలన్నీ మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

మర్నాడే నాన్న మావయ్య కొట్టుకి బయల్దేరాడు. నన్ను తోడు రమ్మన్నాడు గానీ, చెయ్యి పట్టుకోనివ్వలేదు. తన షాపు తలుపు దాటి, పక్క గుమ్మంలో నిలబడ్డాడు. మిషను ఆగింది. మావయ్య తలెత్తి చూసి, మళ్లీ గుడ్డ మీదికి వంగాడు.

"బావా," అన్నాడు నాన్న.

"ఊఁ."

"ఆరోజు నేను నిన్ను చూడలేదు. చూడలేకపోయాను. నా కళ్లు నడిమధ్య పోయాయి బావా. మీ చిన్నాణ్ణి నువ్వనుకున్నాను."

మావయ్య గుడ్డ వదిలేశాడు. నావైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఆయన లేచి నాన్న ముందుకి వచ్చి నిలబడ్డాడు. నాన్న చూపు ఆయన తల మీదుగా ఎక్కడో పైన ఉంది.

"ఇప్పుడెటు చూస్తున్నావు?"

"నిన్నే. ఇలా చూస్తేనే కనబడతావు."

"వీధిలో వాళ్లు అన్న మాట నిజమేనన్నమాట. కళ్లు నెత్తికే ఎక్కాయి," అన్నాడు మావయ్య. నవ్వబోయి ఆగి, నాన్న భుజం పట్టుకుని నిలబడ్డాడు. "ఎంత ముసలాడివైపోయావు బావా," అన్నాడు నాన్న.

"నువ్వు చూడకముందే అయ్యాను."

లోపల గోడకి అత్తయ్య ఫొటో ఉంది. నాన్న దాని దగ్గరికి తీసుకువెళ్లమన్నాడు. చట్రానికి పైన, గోడ మీద చూపు నిలిపి చాలాసేపు నిలబడ్డాడు. "మా పెళ్లయిన కొత్తలో మాకు గది ఇచ్చి, మీరిద్దరూ కొట్టులో గుడ్డల మీద పడుకునేవారు," అన్నాడు. "అడిగితే, మాకు ఇక్కడే చల్లగా ఉంటుంది అనేది ఆవిడ. ఆ ఎండాకాలం కొట్టు రేకు కొలిమిలా కాలేది." మావయ్య స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు రావలసిన మాట అప్పటికి వచ్చింది. ఇద్దరూ ఆమె గురించి మాట్లాడుకుంటూంటే నేను బయటికి వచ్చేశాను.

అది మొదలు నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లే పని మావయ్యదే అయింది. నన్ను రానిచ్చేవారు కాదు. నాన్న లోపల ఎర్ర చదరంలోకి చూస్తూంటే, మావయ్య వరండాలో కూర్చుని పక్కవాళ్ల చొక్కాలు ఎవరు కుట్టారో, ఎక్కడ తప్పు కత్తిరించారో చెప్పేవాడట. కొత్త మిషను ఏదైనా వస్తే ఆ స్కానింగ్ అమ్మాయి నాన్నకి ఫోను చేసేది. "మేస్త్రిగారూ, ఇందులో మీకేం కనబడుతుందో వచ్చి చెప్పాలి," అనేది. ఒకదానిలో, పరిగెత్తే చుక్కని మధ్యమధ్యలో ఆర్పి, ఎర్ర చదరంలో నల్లటి అక్షరాలు వచ్చేలా చేశారట. నాన్న వాటికి కొంచెం పైన చూపు నిలిపి, అంచుతో చదివాడట. ఇంటికొచ్చి అమ్మకి ఆ కబురు చెప్పిన తీరు, కొత్త టీవీ ఇంటికి తెచ్చినప్పటిలా ఉంది.

బాగున్న చోటు కొంత తగ్గింది, కొంత నిలిచింది. నాన్న పోయేనాటికి కూడా ఆ అంచు అతన్ని పూర్తిగా వదల్లేదు. మావయ్య ఆ తర్వాత రెండో శీతాకాలం దాటలేదు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఒక సాయంత్రం. ఆఫీసు నుంచి వస్తూ ఆసుపత్రి ముందు ఆగాను. ఇద్దరూ అప్పుడే మెట్లు దిగుతున్నారు. చుక్కలు వేసినందువల్ల నాన్నకి ఎండంతా తెల్లగా మండుతోంది. మావయ్యకేమో అప్పటికి రెండు కళ్లలోనూ పొరలు. ఆపరేషన్‌కి భయపడి వాయిదా వేస్తున్నాడు.

"మెట్టుంది బావా, జాగ్రత్త," అన్నాడు మావయ్య.

"లేదు. అయిపోయాయి."

"ఉందంటే వినవేం?"

ఇద్దరూ లేని మెట్టు కోసం పాదాలతో నేలని తడిమి, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు దాటారు. ఎవరు ఎవరిని దాటిస్తున్నారని అవతలి పక్కకి చేరాక కూడా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను పిలవలేదు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, వెనకే నడిచాను.